నూట యాబై టైరే కావాలె మామా (27వ భాగం)

ఎస్సీ కార్పొరేషన్ లోన్ల మీద రాస్తనని పోయినసారి చెప్పిన. అది వచ్చే వారం. ఈసారి టైరు ముచ్చట. మా ఆత్మకూరు పోరగాళ్ళు ముగ్గురు నలుగురు ఇదే అడుగుతున్నరు, వానలు మొదలైతున్నయి, ఇప్పుడు చెప్తేనే పనికొస్తది.

మా అక్క కొడుకు హైదరాబాద్‌ల రెండేండ్లు డెలివరీ పని చేసి, జమ చేసిన పైసలతోని సెకండ్ హ్యాండుల యమహా ఆర్15 కొన్నడు. వర్షన్ 2, ఎర్ర రంగుది. వాడలకు తెచ్చిన రోజు మా అక్క టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిపిచ్చింది. ఎనక టైరు మాత్రం గుండు లెక్క నున్నగ ఉన్నది. కంపెనీ సైజు 130/70-17. వాడు 150 ఏపిద్దామంటడు.

"ఎందుకురా?" అన్న.

"పటేలోళ్ళ పోరని డ్యూక్‌కు 150 ఉన్నది మామా. ఎనకకెళ్ళి చూస్తే అది బండి లెక్క కొడ్తది. నాది సైకిల్ లెక్క."

నాకు ఎంబడే జవాబు రాలె. సైకిల్ అన్న మాట కాడ ఆగిపోయిన. మా నాయినకు సైకిల్ ఉండె. పెద్దోళ్ళ గేరిలకు రాంగనే దిగి, చెప్పులు ఇడిచి హ్యాండిల్‌కు తగిలిచ్చుకొని, ఆ గేరి దాటేదాంక నడిపిచ్చుకుంట పోతుండె. నేను ఎనక క్యారేజీ మీద కూసుంటే నన్ను గూడ దింపుతుండె. నాకు తెలివొచ్చినంక గూడ కొన్నేండ్లు నడిచిన ముచ్చట ఇది.

"మీ సైజుల మీరుండుండ్రి." ఈ మాట మా వాడల ఇననోళ్ళు లేరు. కూలి ఎక్కువ అడిగితే ఇదే మాట, పిల్లగాన్ని ఇంజినీరింగుకు పంపితే ఇదే మాట. ఇప్పుడు నేను ఆ పోరని ముంగట నిలబడి "చిన్న టైరే ఎయ్యి, పెద్దది నీ బండికి వద్దు" అని చెప్పాలె. చెప్పేది నిజమే. కానీ ఆ నిజం వాని చెవులకు పోయేటప్పటికి పటేలు గొంతుతోని పోతదేమోనని నా భయం. అందుకే ఉత్తగ వద్దనకుండ, లెక్క చూపిద్దామని బండి పక్కన కూసున్న.

టైరు మీద అంకెలు చదువుడు చానా మందికి రాదు. రావాలె. 130 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లల. 70 అంటే ఆ వెడల్పుల నూటికి డెబ్బై వంతుల ఎత్తు, అంటే 91 మిల్లీమీటర్లు. 17 అంటే రిమ్ము అడ్డకొలత, అంగుళాలల. రిమ్ము 432, మీద 91, కింద 91, మొత్తం కలిపితే చక్రం ఎత్తు 614 మిల్లీమీటర్లు. 140/70-17 ఏస్తే 628 అయితది. 14 మిల్లీమీటర్లు పెరుగుతది, అంటే నూటికి రెండు వంతుల పైచిలుకు. గేరింగు అంత మందమైతది, పికప్ అంత తగ్గుతది. 150 సీసీ ఇంజనుకు అది తెలుస్తది.

మావోడు ఉషారోడు. "150/60 ఏస్తే ఎత్తు గదే ఉంటది గద మామా?" అన్నడు. నిజమే, లెక్క కడితే 612 వస్తది. ఎత్తుల తేడా లేదు. తేడా వచ్చేది రిమ్ము కాడ. ఎనక రిమ్ము మీద పోతలనే దాని వెడల్పు రాసి ఉంటది. మట్టి తుడిచి చూస్తే మా బండికి 3.50 అని ఉన్నది. మూడున్నర అంగుళాలు. పటేలోళ్ళ డ్యూక్ రిమ్ము 4 అంగుళాలు. 150/60 టైరు ఆ నాలుగంగుళాల రిమ్ము మీద సాఫుగ పరుచుకొని కూసుంటది. ఇరుకు రిమ్ముల దాన్ని ఎక్కిస్తే రెండు చెంపలు లోపటికి గుంజుకపోయి నడుమ గుండ్రంగ ఉబ్బుతది. అప్పుడు నడిమి గీతే రోడ్డుకు తాకుతది, నడిమి గీతే జల్ది అరుగుతది. మలుపుల వంచినప్పుడు బండి ఒక్కసారిగ పడిపోయినట్టు వంగుతది, ఎంత వంగుతదో చేతికి తెల్వది. చూసేటోనికి లావుగ కనబడ్తది, తోలేటోనికి పట్టు పోతది.

ఇంకో భ్రమ గూడ చెప్పాలె. లావు టైరుకు నేల మీద పట్టు జాగ చానా ఎక్కువుంటదని అందరనుకుంటరు. ఆ జాగ ఎంతుండాలె అనేది ముఖ్యంగ బండి బరువు, టైర్ల గాలి ఒత్తిడి చెప్తయి. వెడల్పు పెంచితే మారేది ఎక్కువగ దాని ఆకారం, పొడుగ్గ ఉన్నది అడ్డంగ అయితది. నీళ్ళు నిలిచిన రోడ్డు మీద వెడల్పు టైరు జల్ది తేలుతది. మన ఆత్మకూరు నుంచి జూరాల డ్యామ్ మీదికెళ్ళి గద్వాల పోయే తొవ్వ యాది చేసుకోండ్రి. కాలువ కింద వరి కోతలప్పుడు ట్రాక్టర్లు పొలం బురదంత రోడ్డు మీదికి తెస్తయి, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి రాళ్ళు పెడ్తరు. ఆ వడ్ల మీద బ్రేకు ఏస్తే 130 అయినా జారుతది, 150 అయినా జారుతది.

"మరి కంపెనోడే పెంచిండు గద?" అన్నడు. పెంచిండు. 2008ల వచ్చిన మొదటి ఆర్15కు ఎనక 100/80, 2011ల వర్షన్ 2కు 130/70, దాని తర్వాత వర్షన్ 3కు 140/70. కానీ ఉత్త టైరు ఒక్కటే మార్చలె. రిమ్ము మార్చిండు, స్వింగార్మ్ మార్చిండు, సస్పెన్షన్ సరిచేసిండు. బండి మొత్తం పెరిగితే దానెంబడి టైరు పెరిగింది. మన ఏరియాల కొందరు వర్షన్ 2కు 140/70 ఏసుకొని తిరుగుతున్నరు. మూడున్నర రిమ్ముకు అది ఆఖరి హద్దు. ఏసేటోళ్ళు చైనుకు, మడ్‌గార్డుకు ఎంత సందు మిగిలిందో ఇద్దరు కూసొని, బండి గుంతల దిగి లేచేటప్పుడు గూడ చూసుకోవాలె. నేనైతే ఏయను.

మా తాత చెప్పులు కుట్టెటోడు. కాలు నేల మీద పెట్టిపిచ్చి, చుట్టు గీత గీసి, మడిమె కాడ, బొటనేలు కాడ దారంతోని కొలిచెటోడు. దొర పాదమైనా జీతగాని పాదమైనా కొలత కొలతే. వదులు చెప్పు కాలు ఇరగ్గొడ్తది, బిగుతు చెప్పు కాలు కోస్తది. మన పక్కనున్న కురుమూర్తి జాతర సంగతి పాలమూరోళ్ళకు చెప్పనక్కర లేదు. సామి ఉద్దాలు వడ్డెమాన్‌ల మనోళ్ళ చేతుల్నే తయారైతయి. ఏ చేతులను గడప కాడ ఆపిన్రో ఆ చేతులు కుట్టిన చెప్పులను నెత్తి మీద పెట్టుకొని మొక్కుతరు. పాదం సైజు, తోలు సైజు ఎట్ల కలపాలెనో మనకు ఒకరు నేర్పేది లేదు. రిమ్ము పాదం అనుకో, టైరు చెప్పు అనుకో. ఇది మావోనికి చానా తొందరగ ఎక్కింది.

లావు టైరు మీద ఆశ ఎక్కడికెళ్ళి పుడ్తదో నాకు ఎర్కే. 2025 ఫిబ్రవరిల తమిళనాడు శివగంగ జిల్లాల ఒక దళిత విద్యార్థి బుల్లెట్ మీద ఇంటికి పోతుంటే చేతులు నరికిన్రు. ఈ కులంల పుట్టి బుల్లెట్ తోలుతవా అని నరికిన్రని ఆ కుటుంబం చెప్పింది. గుజరాత్‌ల, రాజస్థాన్‌ల పెండ్లికొడుకును గుర్రం మీదికెళ్ళి దింపిన వార్తలు ఏటేటా చదువుతనే ఉన్నం. మా పోరగాళ్ళు ఇవన్ని ఫోన్లల చూస్తరు. చూసి భయపడి బండి అమ్ముకోరు, ఇంకింత లావు టైరు ఏద్దామంటరు. ఆ పౌరుషం నాకు ఇష్టమే. కానీ ఆ పౌరుషం రాత్రి పదింటికి జూరాల మలుపు కాడ రబ్బరు మీద నిలబడాలె. మా వాడల బండి పడి పోయిన పానాలు తక్కువ లేవు.

కాగితాల సంగతి గూడ ఒకటున్నది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద, తయారుచేసినోడు చెప్పిన వివరాలకు భిన్నంగ బండిని మార్చొద్దని 2019 జనవరిల సుప్రీంకోర్టు గట్టిగ చెప్పింది. టైరు సైజు చూసి ఎవరు కేసు రాస్తరు అంటరు. చెకింగుల ఎవరిని ఆపుతరో, ఎవరిని పేరడిగి పంపిస్తరో మనకు తెల్వదా? యాక్సిడెంట్ అయినంక ఇన్సూరెన్సోళ్ళు దేవులాడేది గూడ పైసలు ఎగ్గొట్టే కారణమే. ఆ కారణం మనమే చేతికియ్యొద్దు.

దుకాణం కాడికి ఇద్దరం పోయినం. ఆయన "ఏం గాదన్నా, 150 అందరు ఏసుకుంటున్నరు" అన్నడు. మావోడు నా మొఖం చూడలె, ఫోన్ల బండి రిమ్ము ఫోటో తీసి దుకాణదారుకు చూపిచ్చి "మూడున్నరకు పడ్తదా?" అని అడిగిండు. ఆయన చప్పుడు చేయకుండ 130/70 బయటికి తీసిండు. అది గూడ తిప్పి చూసినం. చెంప మీద నాలుగంకెలు ఉంటయి, మొదటి రెండు వారం, ఆఖరి రెండు సంవత్సరం. 2319 అంటే 2019ల 23వ వారం తయారైనట్టు. మాకిచ్చింది గట్లనే పాతది. కొత్తది తీయమన్నం, తీసిండు. సైజు పక్కన 62ఎస్ అని ఉంటే, 265 కిలోల బరువు, గంటకు 180 కిలోమీటర్ల దాంక అని అర్థం. కంపెనీ చెప్పిన దానికన్న ఇవి తక్కువుండొద్దు. బాణం గుర్తు చక్రం తిరిగే దిక్కు చూడాలె, బిగిచ్చేటోళ్ళు ఉల్టా బిగిస్తరు, పక్కన నిలబడి చూసుకోండ్రి. కొత్త టైరు మీద మైనం లెక్క జారుడుంటది, మొదటి వంద కిలోమీటర్లు మలుపుల వంచొద్దు. గాలి బండి మీద రాసినంతే కొట్టియ్యాలె, టైరు చల్లగున్నప్పుడే.

వచ్చేటప్పుడు పెద్దోళ్ళ గేరికెళ్ళే వచ్చినం. నేను ఎనక కూసున్న. వాడు హారన్ కొట్టలె, స్పీడు పెంచలె, తగ్గియ్యలె.

పాత టైరును మావోడు ఇంటికి పట్టుకొచ్చిండు. మా అమ్మ దాన్ని రెండు చేతులతోని వంచి చూసి "పల్చగున్నది బిడ్డా, దీంతోని చెప్పులు రావు. లారీదైతే ఇద్దరికెల్లేది" అని పారేసింది.