పది మెట్లు

పెళ్లయిన కొత్తలో విశాఖ నుంచి కిరండూల్‌ రైల్లో అరకు వెళ్లారా దంపతులు. ఆయన సొరంగాలు లెక్కపెడుతుంటే... ఆవిడ లోయలు చూస్తూ కూర్చుంది. శిమిలిగుడ స్టేషన్‌ 996 మీటర్ల ఎత్తులో ఉందని డైరీలో రాసుకున్నాడు కూడా.

తర్వాత ఊటీ, మున్నార్‌, సిమ్లా... ఏ కొండకెళ్లినా ఆయన ముందు, ఆవిడ వెనక. 'త్వరగా రావోయ్‌' అంటూ ఒకటే తొందర!

రిటైరయ్యాక మళ్లీ అరకు బయల్దేరారు. బొర్రా గుహల దగ్గర ఆవిడ మోకాళ్లు మొరాయించాయి. 'మీరు చూసి రండి' అంది.

పది మెట్లు దిగి, అలవాటుగా వెనక్కి తిరిగాడాయన. వెనక ఆవిడ రావట్లేదు. గోస్తనీ నీళ్లు తొలిచిన గుహ ముందే ఉన్నా అడుగు పడలేదు.

'అప్పుడే వచ్చేశారేం?'

'నువ్వు లేకపోతే ఎవర్ని తొందరపెట్టను?'

బొంగులో చికెన్‌ తింటూ... ఆవిడ చూపించిన లోయని తొలిసారి తీరిగ్గా చూశాడాయన.