ఉన్నది ఉన్నట్లు

తాళపత్ర ప్రతులను చదివినవారికి ఒక శ్రమ అనుభవమే. లేఖకుడు పదానికీ పదానికీ నడుమ ఎడం విడువడు. ఎక్కడ ఏ పదం ముగిసిందో పాఠకుడే నిర్ణయించుకోవాలి. ఛందస్సు తెలిసినవాడు యతిప్రాసల ఆధారంతో దారి కనుగొంటాడు. యంత్రానికి అటువంటి సంస్కారం లేదు. దానికి ప్రతి విషయాన్నీ విడదీసి, గుర్తులు పెట్టి చెప్పాలి.

ఒక కంప్యూటరు నుండి మరొకదానికి సమాచారాన్ని చేరవేయడానికి ప్రోగ్రామర్లు విరివిగా వాడే లిఖిత పద్ధతి 'జేసన్'. జావాస్క్రిప్ట్ ఆబ్జెక్ట్ నొటేషన్ అన్నది దాని పూర్తి పేరు. అమెరికాకు చెందిన డగ్లస్ క్రాక్‌ఫర్డ్ 2000 దశకం తొలినాళ్లలో దీనిని నిర్వచించి ప్రచారంలోకి తెచ్చాడు. ప్రాచీన కావ్యాల పట్టికను కంప్యూటరులో భద్రపరచదలచినప్పుడు నా పూర్వ విద్యార్థి ఒకడు నాకు దీనిని పరిచయం చేశాడు. అతడు రాసి చూపిన పంక్తి ఇది:

{"కావ్యం": "ఆంధ్ర మహాభారతం", "కవులు": ["నన్నయ", "తిక్కన", "ఎఱ్ఱన"], "పర్వాలు": 18}

చూడగానే ఇది మనిషికీ అర్థమవుతుంది. ఫ్లవర్ బ్రాకెట్ల నడుమ ఒక వస్తువును గూర్చిన వివరాలుంటాయి. కోలన్‌కు ముందున్నది వివరం పేరు, తరువాతది దాని విలువ. చదరపు బ్రాకెట్లలోనిది వరుస తప్పని జాబితా. అక్షరాలకు కొటేషన్ గుర్తులు తప్పనిసరి, సంఖ్యకు అక్కరలేదు. హైదరాబాదు ఎస్‌టీడీ కోడ్ 040 చూడటానికి సంఖ్యవలె ఉన్నా కొటేషన్లలోనే రాయాలి. సున్నాతో మొదలయ్యే పూర్ణసంఖ్యను జేసన్ అంగీకరించదు.

వ్యాఖ్యానాల నీడలో చదువుకున్న నాకు ఒక నియమం వింతగా తోచింది. జేసన్‌లో వ్యాఖ్యకు చోటు లేదు. కొందరు వ్యాఖ్యల రూపంలో యంత్రానికి రహస్యపు ఆదేశాలు ఇస్తున్నందున, ఒకరు రాసినది మరొకరి వద్ద చెల్లకుండా పోతుందని క్రాక్‌ఫర్డ్ వాటిని తొలగించాడట.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది 'నల్' అనే విలువ. దాని అర్థం 'ఇక్కడ విలువ లేదు' అని. అది సున్నా కాదు. ఏళ్ల తరబడి మార్కుల రిజిస్టరు రాసిన నాకు ఈ భేదం ఎంత గొప్పదో తెలుసు. పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్నవాడూ, జ్వరంతో పరీక్షకే రాలేకపోయినవాడూ ఒక్కటి కారు. ఇద్దరికీ సున్నా వేస్తే మొత్తం సరిపోవచ్చు గాని, రెండవవానికి అన్యాయం జరుగుతుంది.

సాహిత్య చరిత్రలోనూ ఇంతే. నన్నయ జన్మ సంవత్సరం మనకు తెలియదు. పట్టికలో ఆ గడి ఖాళీగా కనిపిస్తున్నదని ఊహించిన అంకెను అందులో వేస్తే, ఆ ఊహ క్షణంలో వేయి యంత్రాలకు చేరి, రేపటి పాఠకునికి సత్యంగా కనిపిస్తుంది. అక్కడ 'నల్' అని రాయడమే నిజాయితీ.

ఒకప్పుడు ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క సంకేత క్రమం ఉండేది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు పద్యం అర్థంలేని గుర్తుల గుంపుగా మారేది. వేర్వేరు వ్యవస్థల మధ్య పంపే జేసన్ పాఠం యూటీఎఫ్-8 అనే యూనికోడ్ రూపంలోనే ఉండాలని 2017 నాటి ప్రమాణం నిర్దేశించింది. అందువల్ల నేడు మన 'ఱ'కారం కూడా చెదరకుండా ప్రయాణం చేయగలదు.

మీలో కొందరు రేపు ప్రోగ్రామర్లు కావచ్చు. కామాలూ బ్రాకెట్లూ సరిగా ఉన్నాయో లేదో యంత్రమే చూసి చెబుతుంది. వాటి నడుమ రాసినది సత్యమా కాదా అని అది చెప్పలేదు. ఆ బాధ్యత మీదే.