పిట్ట పడుద్దా?

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ ఈ పాత ఎయిర్‌గన్లు బాగుచేసే పిచ్చి ఏంటని ఆఫీసులో అడుగుతుంటారు. మాది ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఓ ఊరు. మావైపు ఇదేం వింత వస్తువు కాదు. జాతరల్లో బెలూన్లు కొట్టించే దుకాణాల దగ్గర అందరం పట్టుకున్నదే.

నా దగ్గరున్న రెండింట్లో ఒకటి అలాంటి దుకాణానిదే. ఆ పని మానేసిన ఒకాయన దగ్గర పన్నెండు వందలకు కొన్నా. గొట్టం తుప్పు పట్టింది, చెక్క చీలింది, పేలిస్తే గుండు బయటికే రాలేదు.

ఇందులో మందుగుండు ఉండదు. గొట్టాన్ని మడిస్తే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఆ స్ప్రింగు పిస్టన్‌ని ముందుకు తోస్తుంది, నలిగిన గాలి గుండుని తోస్తుంది. పంపు రకమైతే లివర్ కొట్టి గాలిని ముందే నింపుకోవాలి. ఏదైనా సరే, పాతబడితే చెడేది ముందు వాషరే. సైకిల్ పంపులో ఉండే తోలు ముక్క లాంటిదే అది. ఎండిపోతే గాలి పక్కల నుంచి జారిపోతుంది. చెప్పులు కుట్టే ఆయనతో కొత్తది కోయించి, నూనెలో నానబెట్టి వేశా. నూనె మరీ ఎక్కువైనా కష్టమే. డీజిల్ ఇంజిన్‌లో లాగా ఒత్తిడికి అది మండి, పొగతో పాటు పెద్ద చప్పుడొస్తుంది.

మూడు వారాంతాలు పట్టింది. రేకు డబ్బాకి చిల్లు పడగానే బాబాయ్ అడిగిన మొదటి మాట: "పిట్ట పడుద్దారా? నాలుగు రోజులు ఇచ్చిపో."

నా ఇంజినీరింగ్ ఫీజు కోసం ఎడ్లు అమ్మిన మనిషి. కాదనడానికి నోరు రాలేదు. బోరు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌల్స్ దాటకపోతే లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి, దీంతో ఏం కొట్టినా తప్పులేదని మావైపు చాలామంది అనుకుంటారు. కానీ 1972 వన్యప్రాణి చట్టం చేతిలో ఏ ఆయుధం ఉందని చూడదు. గువ్వని కొట్టినా వేటే. పక్కనే కిన్నెరసాని అభయారణ్యం. అరుణాచల్ ప్రదేశ్‌లో ఈ తుపాకులతో పిట్టలు తగ్గిపోతున్నాయని 2021లో ప్రభుత్వమే ఊరూరా అడిగితే, జనం తమంతట తామే తెచ్చి అప్పగించారు.

ఇదంతా చెప్పి, "ఇవ్వలేను బాబాయ్" అన్నా.

"మీకు సందు సందుకీ చికెన్ కొట్టుంది. మేం పెరిగిందే అడవి తిండితో" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అయినా ఇవ్వలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది 4.5 బోరు ఎయిర్ రైఫిల్‌తోనే. అది చెప్పి, సంక్రాంతికి పెరట్లో ఇసక బస్తాల ముందు సోడా మూతలు వరసగా పెట్టా. పిల్లలు ఒక్కటీ కొట్టలేకపోయారు. అరుగు మీద కూర్చుని చూస్తున్న బాబాయ్ లేచొచ్చి, తుపాకీ అందుకుని, ఆరింటిలో ఐదు పడగొట్టాడు.

"గుండ్లు అయిపోయినయ్. ఈసారి ఇంకో డబ్బా తే" అన్నాడు.