ముప్పావు గంట

మాయమ్మకి గడియారం చూడ్డం రాదు. కంపెనీ కూతే ఆమె గడియారం. పొద్దున ఏడింటికి మొదటి కూత, ఏడున్నరకి రెండో కూత. రెండో కూతకి గేటు లోపల లేకపోతే అయిదు నిమిషాల ఆలస్యానికి అరగంట కూలి కోసేవాళ్లు. అందుకే మా మాదిగపల్లె ఆడోళ్లు మొదటి కూత కూయకముందే సద్దిగిన్నె చంకన బెట్టుకుని బయలుదేరేవాళ్లు.

1987 నాటి మాట ఇది. గుంటూరు జిల్లాలో ఒక పొగాకు గ్రేడింగు కంపెనీ. పేరెందుకులెండి. సీజనంతా అరవై మంది ఆడోళ్లు కింద కూచుని ఆకుని రంగుని బట్టి, మచ్చని బట్టి ఏరి కట్టలు కట్టేవాళ్లు. సాయంత్రానికి చేతులకి నల్లటి జిగురు పట్టేది. ఎంత తోమినా పోదు. మాయమ్మ కలిపి పెట్టిన అన్నం ముద్ద చేదుగా ఉండేది. అన్నం రుచే అంత అనుకునేవాణ్ణి చిన్నప్పుడు.

అయిదింటికి కూత కూసినా అప్పుడే ఇంటికి రావడానికి లేదు. ఆకు దొంగతనం చేశారేమోనని గేటుకాడ ఒళ్లు తడిమి చూసేవాళ్లు. అరవై మందిని తడిమేసరికి చీకటి పడేది. ఆ టైముకి కూలి లేదు. దొంగతనం అంటగట్టేది వాళ్లు, టైము పోగొట్టుకునేది మేము.

మాయమ్మకి ఒక లెక్కల పుస్తకం ఉండేది. తలుపు వెనకాల మట్టిగోడ. పనికెళ్లొచ్చిన ప్రతి రోజూ బొగ్గుతో గీతలు గీసేది. గంటకి ఒక పొడుగు గీత, పావు గంటకి ఒక పొట్టి గీత. "ఏడున్నర నించి పన్నెండు దాకా నాలుగున్నర. కూటికి ముప్పావు గంట పోయింది. అక్కణ్ణించి అయిదు దాకా నాలుగుంబావు." అంటే రోజుకి ఎనిమిది పొడుగు గీతలు, మూడు పొట్టి గీతలు. ఆరు రోజులకి నలభై ఎనిమిది పొడుగువి, పద్దెనిమిది పొట్టివి. నాలుగు పొట్టి గీతలు ఒక గంట. మొత్తం యాభై రెండున్నర.

శనివారం బట్వాడా. గుమాస్తా డబ్బులు చేతికివ్వడు. బల్లమీద పెడతాడు, మనం తీసుకోవాలి. డబ్బులతో పాటు ఒక చీటీ. ఆ శనివారం మాయమ్మ చీటీ తెచ్చి నా ముందు పెట్టింది. నేను ఎనిమిదో తరగతి. దశాంశాల్లో క్లాసులో నేనే ఫస్టు.

"సూడు నాయనా, సరిగ్గా ఉందో లేదో."

చీటీలో రోజుకి 8.45 అని ఉంది. ఆరు రోజులకి 50.70. గంటకి రూపాయిన్నర చొప్పున 76 రూపాయల 5 పైసలు. పలకమీద గుణించాను. పైసా తేడా లేదు.

"సరిగ్గానే ఉందమ్మా."

"సరిగ్గా ఉంటే గోడ మీద గీతలెట్టా మిగిలినయిరా?"

నాకు కోపమొచ్చింది. బళ్లో చెప్పిన లెక్కకి బొగ్గు గీతలు అడ్డమొస్తున్నాయని కోపం. మళ్లీ గుణించి చూపించాను. మాయమ్మ పలక వంక చూళ్లేదు. "ముప్పావు రూపాయంటే ఎంత?" అంది. పన్నెండణాలన్నాను. "పైసల్లో చెప్పు." డెబ్బై అయిదు. "మరి ముప్పావు గంట నలభై అయిదెట్టా అయ్యిద్ది?"

నా నోట మాట రాలేదు. ఎనిమిది గంటల నలభై అయిదు నిమిషాలని గుమాస్తా 8.45 అని రాసి, దాన్నే కూలితో గుణించాడు. అది 8.75 కావాలి. పొద్దుటి నించి సాయంత్రం దాకా తొమ్మిది గంటల ముప్పై నిమిషాల్లోంచి కూటి టైము తీసేసేటప్పుడు గంటకి అరవై నిమిషాలని ఆయనకి బాగా గుర్తుంది. నిజంగా దశాంశమే అనుకుంటే 8.85 రావాలి గదా! తీసేసేటప్పుడు గంటకి అరవై, ఇచ్చేటప్పుడు గంటకి నూరు. తెలిసి చేశాడో తెలియక చేశాడో ఈ రోజుకీ చెప్పలేను. మనిషికి వారానికి రెండు రూపాయల డెబ్బై పైసలు. అరవై మందికి నూట అరవై రెండు రూపాయలు. గుమాస్తా కంటే నా మీదే నాకు ఎక్కువ రోత పుట్టింది. కాయితం మీద అంకె కనబడితే నమ్మేయడం చదువుకున్న మాకు కొత్తగా పట్టిన రోగం.

మరుసటి శనివారం మాయమ్మ బల్లకాడ నిలబడి అడిగింది. నేను గేటు బయట నించి చూస్తున్నాను.

"ఏందే, నాకే లెక్కలు చెప్తావా?"

"నాకు సదువు రాదయ్యా. ముప్పావు రూపాయంటే ఎన్ని పైసలో మీరే చెప్పండి."

ఆయన చెప్పలేదు. వెనక లైనులో ఉన్న ఆడోళ్లు చెప్పారు, ఒకళ్ల తర్వాత ఒకళ్లు. ఎవరూ బల్లమీద డబ్బులు తియ్యలేదు. లోపలి నించి మేనేజరు వచ్చాడు.

తర్వాతి వారం నించి 8.75 పడింది. పాత బాకీ ఇవ్వలేదు. మాయమ్మని మాత్రం ఏరే పని నించి తీసేసి కట్టలు మోసే పనిలో వేశారు. సీజను అయిపోవడానికి ఇంకా అయిదు వారాలుంది. పదమూడు రూపాయల యాభై పైసలు ఎక్కువొచ్చింది. తర్వాతి సీజనుకి మేస్త్రి మా ఇంటి ముందు నించే నడుచుకుంటూ పోయాడు, పిలవలేదు.

కాలేజీకొచ్చాక 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చదివాను. రోజుకి తొమ్మిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు దాటితే దాటిన గంటలకి రెట్టింపు కూలి. ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీల్లో అంతకుముందు వారానికి 54 గంటలుండేది. దాన్ని 1946లో సవరణ చట్టంతో 48కి దించారు. ఆ బిల్లు నాటి కార్మిక శాఖ సభ్యుడు మన అంబేడ్కరే. పుస్తకం మూసి మాయమ్మ గీతలు మళ్లీ లెక్కేశాను. నలభై ఎనిమిది గంటలకి 72 రూపాయలు. మిగిలిన నాలుగున్నర గంటలకి మూడు రూపాయల చొప్పున 13.50. మొత్తం 85.50. మేము గెలిచామనుకున్న 78.75 కూడా తక్కువే. ఈ మాట మాయమ్మకి చెబితే నవ్వింది. "గోడ చాలేది కాదులేరా" అంది.

గోడా లేదు, మాయమ్మా లేదు. మా మేనల్లుడు హైదరాబాదులో అపార్టుమెంటు కాపలా. రాత్రి ఎనిమిది నించి పొద్దున ఎనిమిది దాకా. వేలిముద్ర మిషను ఉందట. మొన్న జీతం స్లిప్పు ఫోనులో పంపించాడు. అందులో గంటల గడే లేదు. 'డ్యూటీలు 26' అని ఉంది. పన్నెండు గంటలైనా పదమూడు గంటలైనా ఒక డ్యూటీనే. వచ్చిన టైమూ పోయిన టైమూ రోజూ రాసి పెట్టుకోమన్నాను. నిన్న పొద్దున మెసేజి పెట్టాడు: "రాత్రి 7.50కి ఎక్కాను మావయ్యా. పొద్దుటి మనిషి లేటు, 8.20కి దిగాను. మొత్తం 12.30."

వెంటనే ఫోను చేశాను. "పన్నెండున్నర అని అక్షరాల్లో రాయరా. మధ్యలో చుక్క పెట్టొద్దు."