వాసన ఉన్నంతసేపే రక్ష

సుక్మా అడవుల్లో దోమలతో పోరుకు మొక్కల నూనెలు తోడొస్తాయి. తెల్లారేదాకా నిలబడేవే తక్కువ.

జగదల్‌పూర్ నుంచి వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి సుక్మా, దోర్నపాల్ దాటి కోంటా దగ్గర ఆంధ్రా సరిహద్దును తాకుతుంది. 2012లో దంతెవాడ నుంచి విడిపోయిన ఈ జిల్లా వార్తలకెక్కింది ఎక్కువగా తుపాకుల మోతతోనే. చప్పుడు చేయని శత్రువు మరొకటుంది. అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే దోమ సన్నగా పారే సెలయేళ్లలో పెరిగి, రాత్రిళ్లు మనుషుల్ని వెతుక్కుంటూ వస్తుంది. బస్తర్ మలేరియాలో సింహభాగం ప్రాణం తీయగల ఫాల్సిపారం రకానిదే.

ప్రభుత్వం దోమతెరలు ఇచ్చింది. కానీ పంట కాపలాకు మంచె ఎక్కినవారికి, ఇప్పపూలు ఏరడానికి చీకటితోనే అడవికి వెళ్లేవారికి ఇంట్లో వేలాడే తెర ఏ మేరకు అక్కరకొస్తుంది? నూనెల అవసరం అక్కడే.

దోమ మనిషిని పసిగట్టేది ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును బట్టి, చెమట వాసనను బట్టి. సిట్రొనెల్లా లాంటి సుగంధ తైలాలు ఆ ఆనవాలును చెరిపేస్తాయి. చిక్కల్లా ఆ ఘాటు గాలిలో కలిసిపోవడమే. 2002లో అమెరికాలో జరిగిన ఓ పరీక్షలో సిట్రొనెల్లా సరుకులు 20 నిమిషాలు కూడా ఆగలేదు. సుమారు 24 శాతం డీట్ అనే రసాయనం ఉన్న మందు 5 గంటలు కాపాడింది. వేప నూనె కథ వేరు. అది త్వరగా ఆవిరయ్యే రకం కాదు. కొబ్బరి నూనెలో 2 శాతం వేప నూనె కలిపి రాస్తే అనాఫిలిస్ దోమలు 12 గంటలపాటు కుట్టలేదని ఢిల్లీలోని మలేరియా పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 1993లో ప్రకటించారు. అంటే లీటరుకు సుమారు 20 మిల్లీలీటర్లు. ఖర్చు నామమాత్రం, వాసన మాత్రం భరించాలి. బస్తర్ ఇళ్లలో దొరికేది కొబ్బరి నూనె కాదు, ఇప్పగింజల నూనె. ఆ జోడీని పరీక్షించి చూస్తే స్థానికులకు మరింత మేలు.

వేపాకు, వావిలాకు పొగ వేయడం తెలుగు పల్లెలకూ పాత అలవాటే. పొగ దోమను తరుముతుంది, అదే పొగ పసిపిల్లల ఊపిరితిత్తుల్నీ వదలదు.

నూనెకు మరో పరిమితి ఉంది. 2020 జనవరిలో మొదలైన ‘మలేరియా ముక్త్ బస్తర్’ తొలి విడతలో ఇంటింటికీ వెళ్లి దాదాపు 14 లక్షల మందికి రక్తపరీక్ష చేస్తే 64 వేల మందికి పైగా మలేరియా బయటపడింది. వారిలో సగానికి పైగా మందికి జ్వరమే లేదు. మామూలుగా తిరుగుతున్న ఆ మనుషుల్ని కుట్టిన దోమే పక్కింటికి వ్యాధిని చేరుస్తుంది. రాసుకున్న నూనె ఒక ఒంటిని కాపాడుతుందే తప్ప రక్తంలోని క్రిమిని ఏమీ చేయలేదు. దాన్ని చంపేది మాత్రలే. అందుకే ఆరోగ్య సిబ్బంది వాగులు దాటి, జ్వరం లేనివాళ్ల వేళ్లకూ సూది గుచ్చాల్సి వచ్చింది.