మేఘమునకు ఆవలివైపు

చిత్తూరు సీమలో ఉరుము వినబడగానే రైతు తలయెత్తి చూచును. అతనికి కనబడునది మేఘము అడుగుభాగము మాత్రమే. మేఘమునకు పైనను మెరుపులు కలవు. 2015 సెప్టెంబరులో మోగెన్సెన్ అను వ్యోమగామి, బంగాళాఖాతముపై మేఘశిఖరము నుండి నీలికాంతి 40 కిలోమీటర్ల యెత్తునకు చిమ్ముటను అంతరిక్ష కేంద్రము నుండి చిత్రించెను.

అయితే చూచుట వేరు, కొలుచుట వేరు. అంత యెత్తునకు సామాన్య విమానము ఎక్కజాలదు. ఉపగ్రహము అంత క్రిందికి దిగజాలదు. తేలిక వాయువు నింపిన బెలూను మాత్రము అచ్చట తేలియాడగలదు. 2002లో బ్రెజిల్ దేశమున అట్టి బెలూనులు 30 కిలోమీటర్లకు పైగా ఎగసి, క్రింద మెరుపు మెరసినపుడు పైన విద్యుత్ క్షేత్రము ఎట్లు మారునో కొలిచినవి.

తిరుపతి చెంత గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాల నుండియు బెలూనులు ఎగురుచున్నవి. అవి గాలిలోని వేడిమిని, తేమను కొలుచుచు, పైకి పోయినకొలది ఉబ్బి, తుదకు పగులును. బెలూను నశించినను అది పంపిన కొలతలు నిలుచును. ఉరుముమేఘము పెరుగు తీరును గ్రహించి, పొలములోని రైతును ముందుగా హెచ్చరించుటకు అవియు నొక మెట్టు.