మెట్టసీమ వాళ్ల పడవ ప్రయాణం

దువ్వూరు అనగానే చాలామంది “నెల్లూరు జిల్లా దువ్వూరేనా?” అని అడుగుతారు. కాదండీ, మాది కడప జిల్లా దువ్వూరు. మైదుకూరు దాటి కర్నూలు బాట పట్టిన బస్సు మా ఊళ్లో ఆగుతుంది. ఆ దువ్వూరి వాళ్లు పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి ముందే సముద్రస్నానం ముగించుకోవచ్చు. మాకు మాత్రం ఎటు పోయినా కొండలూ, నాపరాళ్లూ, పసుపు మళ్లూను. జిల్లా మొత్తం గాలించినా ఒక్క అల దొరకదు. కుందూ ఉన్నది గాని, అది ఎండితే ఇసుక, పొంగితే భయం. ఈ రెంటికీ మధ్య దానిమీద షికారు చేద్దామన్న ఆలోచన మా వాళ్లెవరికీ వచ్చినట్టు లేదు.

అటువంటి ఊళ్లో ఉంటూ, సెలవులకు నీళ్లమీద పోదామన్న కోరిక మా ఇంట్లో పుట్టిందంటే దానికి కారణం మా బావమరిది. అతడు జూరిచ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. స్విట్జర్లాండుకూ మన కడపకూ మిగతా విషయాల్లో పోలిక లేకపోవచ్చు గాని, సముద్రం లేకపోవడంలో మాత్రం ఇద్దరమూ ఒకటే. అయితే సముద్రం లేదు గదా అని వాళ్లు ఊరుకున్న మనుషులు కారు. తెరచాప పడవల పందేలలో లోకమంతా గొప్పగా చెప్పుకొనే అమెరికా కప్పును 2003లో వాళ్ల ‘అలింగి’ పడవే గెలుచుకున్నది. కప్పు గెలిచినవారు మరుసటి పందెం తమ దేశపు సముద్రంలో పెట్టడం ఆనవాయితీ. వీళ్లకు సముద్రమే లేదాయె! 2007లో ఆ పందేన్ని స్పెయిన్ దేశపు వాలెన్సియాలో జరిపించి, కప్పును మళ్లీ తామే పట్టుకుపోయారు.

మావాడికీ ఆ గాలి సోకింది. పోయిన వేసవిలో నలుగురు స్నేహితులతో క్రొయేషియా వెళ్లి, వారంరోజులు తెరచాప పడవలో తిరిగి వచ్చాడు. అక్కడి తీరం వెంట చిన్నవీ పెద్దవీ కలిపి వెయ్యికి పైగా దీవులున్నాయట. మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు స్వల్పం గనుక ప్రతి రేవులోనూ ఒడ్డు పక్కనే పడవ కట్టుకోవచ్చునట. సరంగు పత్రం లేనివాళ్లు పడవతో పాటు సరంగును కూడా కుదుర్చుకుంటారట. “వచ్చే ఏడు మీరందరూ రండి బావా” అన్నాడు ఫోనులో. మా అబ్బాయి అప్పుడే భూగోళం పటం విప్పి కూర్చున్నాడు.

నేను బడిపంతులును. రెండెకరాల కాలవ కింది మాగాణి ఉన్నది. నలుగురికి విమానం ఛార్జీలు లెక్కవేస్తే నాలుగు నెలల జీతం గాలిలోనే ఎగిరిపోతున్నది. వీసా, బస, పడవ బాడుగ ఇంకా మిగిలే ఉన్నాయి. డబ్బు మాట అట్లా ఉంచితే, డెబ్బైఆరేళ్ల మా అమ్మ సంగతి? ఆమెను ఇంట్లో వదిలి మేము సముద్రాల మీద తిరగడమా? ఇంతకూ ఈ ఇంట్లో పడవ మాట మొదట ఎత్తింది ఆమే.

మా అమ్మ నాయన చిన్నతనంలో మా కాలవలో పడవలు చూశాడు. చదువరులు నవ్వకండి. కర్నూలు–కడప కాలవను మొదట తలపెట్టింది నీటిపారుదల కోసమూ, పడవల రవాణా కోసమూ కూడా. కాటన్ దొర ఆలోచన అది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అని లండనులో వాటాలు పోగుచేసి, సర్కారు వారి వడ్డీ హామీతో, 1860ల్లో తుంగభద్ర మీద సుంకేసుల నుంచి మొదలుపెట్టి కడప దాకా సుమారు మూడువందల కిలోమీటర్లు నడిపించారు. దారిలో కుందూను కూడా కాలవలో భాగంగా వాడుకుని, రాజోలి దగ్గర ఆనకట్ట వేశారు. కంపెనీకి మాత్రం లాభం కంటపడలేదు. 1882లో సర్కారే కొనుక్కున్నది. పడవలు కొన్నాళ్లు నడిచి, క్రమేణా ఆగిపోయాయి. గట్టుమీద మనుషులు తాడు పట్టుకుని లాగుతుంటే పడవ కదిలేదని మా తాత చెప్పేవాడట. ఆ ముచ్చట వింటూ పెరిగిన మనిషి, తాను మాత్రం ఒక్కసారీ పడవ ఎక్కలేదు.

“అయితే గండికోటకు పోదాం, ఒక పూటలో వచ్చేయొచ్చు” అన్నాను. పెన్న చెక్కిన ఆ ఎర్రరాతి లోయను చూడడానికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. మాకు జమ్మలమడుగు ఎంత దూరం గనుక! అమ్మ మాట్లాడకుండా బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చున్నది. కాసేపటికి అన్నది:

“యాడికైనా తీసకపో నాయనా. ఆ నీళ్ల మీదికి మాత్రం నేను రాను. మా అక్క ఇంటి మీద పడవెక్కి తిరగమంటావా?”

నేను ఇక ఆ మాట ఎత్తలేదు. మా పెద్దమ్మ వాళ్లది తాళ్లప్రొద్దుటూరు. 2020లో గండికోట జలాశయంలో నీరు పెంచినప్పుడు ఆ ఊరు మునిగింది. పెద్దమ్మ తలుపులూ, దూలాలూ ఊడదీయించి ట్రాక్టరు మీద వేయించుకుని వచ్చింది. ఆ తలుపులు ఇప్పటికీ కొత్త ఇంటి గోడకు ఆనించే ఉన్నాయి.

నాగార్జునసాగరం నుంచి శ్రీశైలానికి లాంచీ ఉన్నది. నల్లమల నడుమ ఇంచుమించు పగలంతా ప్రయాణం. కాని జలాశయంలో నీరు నిండుగా ఉంటేనే నడుపుతారు. ఉన్నదో లేదో తెలుసుకునేసరికి సెలవులు కాస్తా అయిపోతాయి. నెల్లూరు పక్కన మైపాడు సముద్రం ఉన్నది. అక్కడ అలలు చూడవచ్చు, పడవ ఎక్కడానికి మనం బెస్తవాళ్లం కాము గదా. చివరకు పాపికొండలు మిగిలాయి.

ఈసారి మా శ్రీమతి అడ్డుపడింది. ఆమె భయం ఉత్త భయం కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర యాత్రికుల బోటు మునిగి యాభైమంది దాకా ప్రాణాలు పోయాయి. ఆనాడు గోదావరిలో ఐదు లక్షల క్యూసెక్కుల వరద. కాకినాడ ధర్మాడి సత్యం బృందం రోజుల తరబడి పాటుపడి, అక్టోబరు 22న గాని ఆ బోటును పైకి తీయలేకపోయింది. “అత్తమ్మను, పిల్లోళ్లను తీసుకుని ఆ సుడుల్లోకి పోదామంటావా?” అన్నది. నేను వాదించలేదు. వరద కాలంలో పోవద్దని, డిసెంబరు ఆఖరు వారమైతేనే పోదామని, ఒంటికి కవచాలు తొడగకుండా లాంచీ కదిలితే ఆ క్షణమే దిగిపోదామని మాట ఇచ్చాను. పోయినేటి పసుపు డబ్బు ఆమె చేతిలోనే ఉన్నది. మరునాడు సాయంత్రం తానే టిక్కెట్ల మాట ఎత్తింది.

కడపలో సాయంకాలం తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారి రాజమండ్రిలో దిగవచ్చు. మొదటి రోజు ధవళేశ్వరం చూశాము. అక్కడ కాటన్ దొర పేర మ్యూజియం ఉన్నది. 1852లో పూర్తయిన ఆనకట్ట పుణ్యమా అని, ఆయన బొమ్మకు దండలు వేసేవాళ్లు డెల్టాలో ఈనాటికీ ఉన్నారు. “మన కాలవ తలిచిందీ ఈ దొరేనా?” అని అమ్మ అడిగింది. అవునన్నాను. ఆమె ఆ బొమ్మను కిందికీ పైకీ చూసి, “ఈడ బాగా చేసినాడే!” అన్నది. ఆ మాటలో మెప్పు ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో నేను తేల్చలేను.

రెండవనాడు వేకువనే బస్సు. పోలవరం కట్టడం నదికి అడ్డం రావడంతో లాంచీలు ఇప్పుడు దానికి ఎగువన గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి బయలుదేరుతున్నాయి. రేవులో మనిషి మనిషి పేరూ రాసుకుని, కవచాలు తొడిగించి, లెక్క సరిచూసుకున్నాకే ఎక్కించారు. శ్రీమతి నావైపు చూడలేదు గాని ముఖం తేటపడింది.

లాంచీలో పై అంతస్తు నిండా పాటలూ గంతులూ. ఈ మైకు గోల లేకపోతే గోదావరి ఇంకా పెద్దదిగా కనిపించేదని నా అభిప్రాయం. మా పక్కన ప్రొద్దుటూరు బట్టల వర్తకుల కుటుంబం ఒకటి కలిసింది. వాళ్లూ మేమూ కలిసి ఇడ్లీలు తినకముందే, ఇన్ని నీళ్లు మన కేసీ కాలవకు వస్తే ఎన్ని తడులు పారతాయన్న లెక్కలో పడిపోయాము. మెట్టవాళ్లకు ప్రకృతి సౌందర్యం ముందు టి.ఎం.సి.లలోనే కనిపిస్తుంది మరి!

అమ్మ పైకి రాలేదు. కింద కిటికీ పక్కన, నీళ్లు దగ్గరగా కనపడేచోట కూర్చున్నది. కొండలు ఇరువైపులా దగ్గరపడి, నది సన్నబడి, ప్రతి మలుపులోనూ ఇక దారి లేదనిపించి మళ్లీ తెరుచుకుంటూ ఉంటే పిల్లలు కేకలు పెడుతున్నారు. అమ్మ మాత్రం గట్టుమీదే చూస్తున్నది. పైకప్పులు లేని గోడలు, మనిషి లేని వాకిళ్లు, ఒకచోట ఒంటరిగా నిలిచిన కొబ్బరిచెట్లు. దేవీపట్నం మండలంలో చాలా ఊళ్లు పోలవరం ముంపు కింద ఖాళీ అయ్యాయి.

“ఈ ఊరోళ్లు యాడికి పొయినారు అబ్బీ?” అని లాంచీలో పనిచేసే కుర్రవాణ్ణి అడిగింది.

“కాలనీల్లోకండి. మాదీ ఈ ఒడ్డేనండి, బామ్మగారూ.”

“తలుపులు తెచ్చుకున్యారా?”

ఆ కుర్రవాడికి ప్రశ్న వెంటనే అర్థమైంది. “తెచ్చుకున్నామండి. కొత్తింటి గుమ్మానికి సరిపోలేదండి” అన్నాడు. ఆమె కొంగున కట్టిన చెనిక్కాయల ఉండలు రెండు తీసి అతడి చేతిలో పెట్టింది. ఆ తర్వాత అతడు పేరంటాలపల్లి వచ్చేదాకా మా దగ్గరే కూర్చున్నాడు. అక్కడ శివాలయం మెట్లు ఎక్కేటప్పుడు అమ్మ చేయి పట్టుకున్నదీ అతడే, నేను కాదు. కొండరెడ్ల ఆడవాళ్లు అమ్మే వెదురుపూల గుత్తి బేరమాడి ఇప్పించిందీ అతడే.

తిరుగు ప్రయాణంలో ఎండ వాలాక పాటలు ఆగాయి. అమ్మ కిటికీలోంచి చేయి చాచి చూసింది, నీళ్లు అందలేదు. కుర్రవాడు చెంబుతో ముంచి ఇస్తే తలమీద చల్లుకుని, మిగిలినవి నదిలోకే వంచేసింది.

బావమరిదికి ఫొటోలు పంపాము. “తెరచాప లేని పడవ కూడా పడవేనా బావా?” అని వేళాకోళం చేశాడు. ఫోను అమ్మ తీసుకుని, “మీ పడవలో అన్నమూ పప్పూ పెడతారా నాయనా?” అని అడిగింది. తామే వండుకోవాలన్నాడు. వచ్చే డిసెంబరులో ఇంటికి వస్తున్నాడట. ఐదు టిక్కెట్లు చూసి పెట్టమన్నాడు. వరద తగ్గి లాంచీలు వదిలారో లేదో ముందు కనుక్కుని, అప్పుడు కడతానని చెప్పాను.